మీరున్నప్పుడు మంచిగనే నడుస్తది

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. ఇప్పటికీ నమ్మను. నమ్మకపోయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఆదివారం మధ్యాహ్నం, మంచి ఎండలో, నేను వింటుండగానే మూడుసార్లు జరిగింది.

గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. కస్టమర్లు పంపే ఫిర్యాదులు చూడటం నా పని. ఎవరైనా లోపం ఉందంటే అది నా ముందు మళ్లీ జరగాలి. జరగకపోతే "నాట్ రీప్రొడ్యూసిబుల్" అని రాసి మూసేస్తాను. పదకొండేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

ఈమధ్య మా అక్క కుట్టు మిషన్‌ని ఆన్‌లైన్‌లో అమ్మాను. కాలితో తొక్కేది, మోటారు లేదు. దాని మీద జాకెట్లు కుట్టి నన్ను ఇంజనీరింగ్ చదివించింది. పెళ్లి చేసుకోలేదు, మియాపూర్ ఫ్లాట్‌లో నాతోనే ఉండేది. ఆమె పోయి నెల తిరక్కముందే మిషన్ ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టేశాను. చోటు చాలడం లేదని అందరికీ చెప్పాను. నిజానికి రోజూ దాన్ని చూస్తూ ఆ ఇంట్లో ఉండటం నా వల్ల కాలేదు.

కొన్నది హఫీజ్‌పేటలో ఉండే యాదమ్మ. పొద్దున ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్, మధ్యాహ్నం నుంచి కుట్టుపని. వారం కాకుండానే ఫోన్ చేసింది.

"సార్, మిషన్ ఆగిపోతున్నది. చక్రం బిగుసుకపోతది. జర వచ్చి చూడుండ్రి."

నాకు వెంటనే అనుమానం. ఇలాంటివి చాలా విన్నాను. నాలుగు రోజులు వాడుకుంటారు, లోపలి సామాను మార్చేస్తారు, తర్వాత లోపం ఉందని డబ్బు వెనక్కి అడుగుతారు. వీడియో పంపమన్నాను. పంపింది. చేత్తో పట్టుకుని ఆపినా వీడియో ఇలాగే ఉంటుందన్నాను. మెకానిక్‌కి చూపించమన్నాను. చూపించింది. అతను నూనె వేసి, ఏ దోషమూ లేదన్నాడట. "మరింకేం?" అని ఫోన్ పెట్టేశాను.

ఆమె వదల్లేదు. "పైసలు వద్దు సార్. మంచిగ చేపియ్యుండ్రి చాలు. బడి తెరిచేలోపు నలభై యూనిఫాంలు ఇయ్యాలె. ఇయ్యకపోతే ఇగ నాకు పని ఎవరిస్తరు?"

శనివారం వెళ్లాను. మూడో అంతస్తులో ఒకే గది, మంచం నిండా కత్తిరించిన నీలం గుడ్డ. తొక్కమన్నాను, తొక్కింది. మిషన్ టకటకా నడిచింది. అరగంట కూర్చున్నా ఒక్కసారి కూడా ఆగలేదు. నా బైక్ మెయిన్ రోడ్డు ఎక్కకముందే ఆమె ఫోన్, మళ్లీ ఆగిందని. నాకు తిక్క రేగింది. ఇవాళ తేల్చేద్దామని ఆదివారం మళ్లీ వెళ్లాను. మళ్లీ బ్రహ్మాండంగా నడిచింది.

"ఏదమ్మా మీ లోపం?" అన్నాను ఎకసెక్కంగా.

ఆమె ముఖం చిన్నబోయింది. "మీరున్నప్పుడు మంచిగనే నడుస్తది సార్. మీరు పోయినంకనే ఆగుతది."

"నాటకాలు ఆపండమ్మా," అన్నాను.

అన్నాకే గుర్తొచ్చింది. ఇవే మాటలు నేను అక్కతో అన్నాను. గుండె దగ్గర పట్టేసినట్టుంది అంటే రెండుసార్లు సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండుసార్లూ అన్నీ బాగున్నాయన్నారు. మూడోసారి అడిగినప్పుడు ఆఫీసులో పని నెత్తి మీదుంది. "నాటకాలు ఆపక్కా, నేను చూసేసరికి నీకేమీ ఉండదు," అన్నాను. అక్క నవ్వింది. "నువ్వున్నప్పుడు బాగానే ఉంటుందిరా. నువ్వెళ్లాకే వస్తుంది," అంది.

తర్వాతి వారం నేను ఆఫీసులో ఉండగా ఆ నొప్పి వచ్చింది. పక్కింటివాళ్లు ఫోన్ చేసేసరికే అంతా అయిపోయింది.

ఆ మాట నాకూ అక్కకూ తప్ప మూడో మనిషికి తెలియదు. నేను ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకునే మాట కాదు.

యాదమ్మను తొక్కుతూ ఉండమని మెట్లు దిగాను. మొదటి మలుపు దాటగానే శబ్దం ఆగింది. పైకి వచ్చి చక్రం నా చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది. రెండోసారీ అంతే. కావాలనే ఆపుతోందేమో అని మూడోసారి పక్కింటామెను మిషన్ దగ్గర కూర్చోబెట్టి, యాదమ్మను నాతోపాటు కిందకి తీసుకొచ్చాను. అదే మలుపు దగ్గర శబ్దం ఆగింది.

"యాదమ్మా, మళ్ల బిగిసింది!" అని పైనుంచి కేక.

అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. సిగ్గు కూడా అనిపించలేదు.

"ఏంది తమ్మీ, ఏమైంది?" అని యాదమ్మ పక్కన కూర్చుంది. అంతవరకూ సార్ అన్న మనిషి. అంతా చెప్పాను. దయ్యమని అనలేదు, భయపడలేదు. "జర నమ్మాల్సుండె తమ్మీ," అంది.

ఆమెకు కొత్త మిషన్ కొనిచ్చి పాతది ఇంటికి తెచ్చుకున్నాను. యూనిఫాంలు అనుకున్న రోజుకే ఇచ్చిందట. మా మియాపూర్‌లో ఇంకో మెకానిక్‌కి మొత్తం విప్పించి చూపించాను. అరగంట వెతికి, అరిగిన భాగం ఒక్కటి కూడా లేదన్నాడు. గది నేల వాలు, గాలిలో తేమ, తొక్కే తీరు, నాకు తోచిన కారణాలన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఏదీ అతకలేదు.

మిషన్ ఇప్పుడు పాత చోటే, బాల్కనీ తలుపు పక్కన ఉంది. రోజూ ఆఫీసుకి బయల్దేరే ముందు చక్రం ఒకసారి తిప్పుతాను. తిరుగుతుంది. తలుపు తాళం వేసి, లిఫ్ట్ వచ్చేదాకా చెవి రిక్కించి నిలబడతాను.

నేను వెళ్లాక ఏమవుతోందో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.