గొంతు సాఫు చేయించుకున్న ముచ్చట

మొన్న సిరిసిల్లల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఛాయ్ తాగుకుంట ఇనుండ్రి. నవ్వస్తే నవ్వుండ్రి, నేనేం అనుకోను.

తెలంగాణ ఉద్యమం మొదలైన కాన్నుంచి కోరుట్లల ఆటోకు మైకు కట్టుకొని చాటేది నేనే గదా. బందులు, ర్యాలీలు, ధర్నాలు, అన్ని నా నోటి నుంచే. గని నా మాట సాఫుగ ఉండది, తొందరల సగం అక్షరాలు మింగుత. మల్యాలల "రేపు బంద్" అని మూడుసార్లు తిరిగి చెప్పినా తెల్లారి దుకాన్లన్ని తెరిచే ఉన్నయి. అడిగితే, గా ఆటో ఏదో జాతరది అనుకున్నమన్నరు.

సిగ్గనిపిచ్చి జగిత్యాలల ఒక నాటకాల సారు దగ్గర చేరిన. మంచోడే. గాలి ఛాతిల నుంచి కాదు, కడుపుల నుంచి తియ్యాలె అనేటోడు. పండ్ల నడుమ పెన్సిల్ పెట్టిచ్చి పేపర్ చదివిపిచ్చెటోడు. శ వేరు, ష వేరు, స వేరు. "అచ్చిండు" అంటే బల్ల మీద కొట్టి "వచ్చాడు" అనిపిచ్చెటోడు. నెల తిరిగేసరికి నా గొంతు నాకే కొత్తగున్నది. ఉప్పు అడిగినా వార్తలు చదివినట్టే ఉన్నదని మా ఆమె పక్కకు తిరిగి నవ్వేది.

గంతలనే రాజేశం పోయిండు. సిరిసిల్లల సాంచలు, అదే బట్ట నేసే మరమగ్గాలు నడిపేటోడు, నాకు చిన్నప్పటి దోస్తు. రిలే దీక్ష టెంటుల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. దవాఖానకు తీసుకపోయేసరికే గుండె ఆగిందన్నరు. గప్పుడు గా టెంటుల మైకు పట్టుకొని మాట్లాడుతున్నది నేనే.

సంతాప సభల నన్ను మాట్లాడుమన్నరు. రెండు దినాలు కూసోని రాసుకున్న. ముందట చాప మీద రాజేశం తల్లి లచ్చవ్వ కూసున్నది. కడుపు నిండ గాలి పీల్చి మొదలుపెట్టిన.

"మన ప్రియతమ మిత్రుడు రాజేశం గారు మనలను శోకసంద్రంలో ముంచి వెళ్ళిపోయారు."

ఒక్క అక్షరం పొల్లు పోలే. 'శోక'ల శ అయితే సారు ఇంటే మురిసిపోతుండె.

ఎనుక నుంచి ఒకాయన లేసి, గీ ఆంధ్రాయనను ఎవ్వలు పిలిచిండ్రని అడిగిండు. లొల్లి మొదలైంది. నాది కోరుట్లనే అని చెప్పబోయిన. గని నోరు అలవాటు పడ్డది గదా, "నేను కోరుట్లవాణ్ణేనండీ" అని బయటవడ్డది. ఇగ జనం ఊకుంటరా.

లచ్చవ్వ మాత్రం చిన్నప్పటి సంది నన్ను చూసిన మనిషి. నా మొఖం దిక్కు జరసేపు చూసి అడిగింది.

"నువ్వు చెప్పేది ఎవ్వల గురించి కొడుకా? మా రాజిగాని గురించేనా?"

కడుపుల గాలి కడుపులనే ఆగింది. కాయిదం మలిచి జేబుల పెట్టుకున్న. ఇంట్ల గూడ చెప్పని ముచ్చట గక్కడ నోట్లెకెళ్లి ఎల్లింది.

"అవ్వా, గా దినం వాడు నన్ను పిలిచిండు. సాంచల మోతల గూడ ఇనవడే గొంతు వానిది, గా దినం మెల్లగ పిలిచిండు. నేను మైకుల ఉన్న. ఆగురా అని ఎనుకకు చెయ్యూపిన. తిరిగి చూడలే."

ముక్కు కారుతుంది, మాట ఇరుగుతుంది. సిరిసిల్ల అంత ఇన్నదనుకున్న. ఇప్పుడు లేసి కొడుతరు, కొట్టనీ అనుకున్న.



"పొద్దుగాల నన్ను గూడ పిలిచిండు కొడుకా," అన్నది లచ్చవ్వ. "బీడీలు చుట్టుకుంట నేను గూడ ఆగుమన్న."

కొంగు మొఖాన కప్పుకున్నది. నేను స్టేజి దిగి ఆమె పక్కన చాప మీద కూసున్న.

సభ అయిపోయినంక మైకాయన వైర్లు చుట్టుకుంట నన్ను చూసి నాలుక కరుసుకున్నడు. నేను ఆంధ్రోన్ని అనుకొని, లొల్లి కాంగనే మైకు బందు పెట్టిండట. నేను అవ్వకు చెప్పింది ముందట చాప దాటి పోనేలేదు.

బయట చెప్పులేసుకుంటుంటే ఒక పెద్దమనిషి నన్నే ఆపి అడిగిండు, కోరుట్ల నుంచి రాజేశం దోస్తు మాట్లాడుతడన్నరు, ఆయన ఇంక రాలేదా అని.

"మాట్లాడి పోయిండే," అన్న.