తెలుగులో అనమన్న డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారు. మంగళవారం పొద్దున కాఫీ కలుపుకుని కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదట. గుండెపోటు. ఫోన్ చేసి చెప్పిన స్నేహితురాలి మీద "ఎవరి గురించి మాట్లాడుతున్నావో తెలుసా నీకు?" అని గయ్యిమన్నాను. ఆదివారమే కదా, ఇక్కడ కెనడాలో, ఈ విన్నిపెగ్‌లో మన కూరగాయలు దొరికే కొట్లో నా పక్కన నిలబడి బెండకాయల తోకలు విరుస్తూ కనిపించారు! కొట్టతను గుర్రుగా చూస్తుంటే, "చూస్తే ఏం తెలుస్తుంది బాబూ, విరిస్తేనే తెలిసేది" అన్నారు. అంత నిక్షేపంగా ఉన్న మనిషి ఇంతలోకే లేకపోవడమేమిటి? ఇది రాస్తున్నా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఆవిడ సైకాలజిస్టు. కుర్రపిల్లల భయాలకూ దిగుళ్ళకూ మాటలతో, అభ్యాసాలతో వైద్యం చేసేవారు. దాన్ని సీబీటీ అంటారని ఆవిడ చెబితేనే తెలిసింది. టైర్ల షాపు పైన చిన్న గది, చేతిలో ఎప్పుడూ స్టీలు గ్లాసు. పిల్లలు ఏడిస్తే కంగారుపడి ఓదార్చేవారు కాదు, ఏడుపు అయ్యేదాకా కూర్చునేవారు. "ఆలోచన రావడం నీ చేతుల్లో లేదు తల్లీ. దానికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టడం నీ చేతుల్లో ఉంది" అనేవారు.

మా అమ్మాయి అప్పుడు హైస్కూల్లో ఉంది. నాకు యాక్సిడెంట్ అవుతుందన్న ఆలోచన ఒకటి దాని బుర్రలో దూరింది. తను అనుకుంది కాబట్టి అయిపోతుందని భయం. క్లాసు మధ్యలో బయటికి వచ్చి, "మామ్, నీకేం కాదు కదా?" అని ఫోను. "ఏం కాదమ్మా" అంటాను. కాసేపటికి మళ్ళీ ఫోను. తిండి తగ్గింది, స్కూలు మానేసింది. పరీక్షల ఒత్తిడి అన్నారు మావారు. నేను ఎండుమిరపకాయలతో దిష్టి తీసి స్టవ్ మీద పడేశాను. స్మోక్ అలారం గొల్లుమంది, పిల్ల ఇంకా హడలిపోయింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన కొన్ని వారాలకు, ఒకరోజు నన్నూ లోపలికి పిలిచారు. పిల్లతో, "ఇవాళ నా గురించి అను. రేపు ఆంటీ చచ్చిపోతుంది అని గట్టిగా అను" అన్నారు.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "శుభమా అని ఇవేం మాటలండీ! తథాస్తు దేవతలుంటారు!"

చెడ్డమాట అంటే చాలు, పైనుంచి తథాస్తు అనేస్తారని మా అమ్మ నాకు చెప్పింది, నేను నా కూతురికి చెప్పాను. ఆవిడ నవ్వారు. "మా అమ్మా అదే అనేదండీ. కానీ ఈ చలిలో వాళ్ళు విన్నిపెగ్ దాకా వస్తారంటారా?"

పిల్ల చాలాసేపు ఏడ్చింది. ఆఖరికి "ఆంటీ విల్ డై టుమారో" అని గొణిగింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను నేను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఇంగ్లీషులో అంటే వాళ్ళకి అర్థం కాదనేగా? దొంగా! తెలుగులో అను."

పిల్ల తెల్లబోయింది. నిజంగా అదే దాని ఎత్తు! ఈ ఊళ్ళో ఇంకే డాక్టరైనా ఆ ఇంగ్లీషు మాటకే మెచ్చుకుని ఇంటికి పంపేవారు. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని తెలుగులో అంది. మరుసటి వారం వెళితే ఆవిడ ఏమీ జరగనట్టు "రా, కూర్చో" అన్నారు, మళ్ళీ అనమన్నారు. ఆ చలికాలమంతా అనిపించారు, అది ఆవులిస్తూ అనేదాకా.

నాకూ పని పెట్టారు. "నీకేం కాదు కదా?" అని అడిగితే "ఏమో" అనాలట. కన్నతల్లి నోటితో అనాల్సిన మాటేనా అది? పోట్లాడాను. "మీరు ఏం కాదన్న ప్రతిసారీ దానికి ఇంకోసారి అడగాలనిపిస్తుందమ్మా" అన్నారు నెమ్మదిగా. పంటి బిగువున "ఏమో" అన్నాను. కొన్నాళ్ళకు ఫోన్లు ఆగాయి. పిల్ల స్కూలుకి వెళ్ళింది, కారు నేర్చుకుంది, యూనివర్సిటీలో చేరింది.

"మరి నిజంగానే మీకేమైనా అయితేనో?" అని ఒకసారి అడిగాను. "అయితే అప్పుడు చూసుకుంటుంది లెండి" అని గ్లాసు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

అందుకే, ఉన్నమాట చెబుతున్నాను, మంగళవారం నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. నా కూతురికి ఎలా చెప్పను? ఎన్నిసార్లు అనిపించారో ఆ మాట! అది మళ్ళీ ఆ గోతిలో పడితే తీసేవారెవరు? మావారు "పరీక్షలయ్యాక చెబుదాం" అన్నారు. మన ఇళ్ళల్లో చావు కబుర్లన్నీ పరీక్షలయ్యాకే కదా. ఈలోగా ఎవరో వాట్సాప్‌లో పెట్టేస్తే? నేను కారు తీసుకుని యూనివర్సిటీకి వెళ్ళాను.

పార్కింగ్‌లో, కారులో కూర్చోబెట్టి చెప్పాను. "ఇది నీ వల్ల జరగలేదమ్మా" అన్నమాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. దాని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే దాని మొహంలోకే చూస్తూ కూర్చున్నాను.

"ఎందుకలా చూస్తున్నావ్ మామ్?" అంది. "ఆ థాట్ వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? బట్ దట్స్ నాట్ వై ఐయామ్ క్రయింగ్. ఆంటీ లేరు. ఇంక ఎప్పటికీ ఉండరు. అందుకు."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఆవిడ పోయారన్న సంగతి అప్పుడే నాకు తెలిసినట్టు బావురుమన్నాను. "కీస్ ఇవ్వు, నేను డ్రైవ్ చేస్తా. ఆంటీ వాళ్ళింటికి వెళదాం" అంది నా కూతురు.

సగం దారిలో రెడ్ లైట్ పడింది. అది స్టీరింగ్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది, పెద్దదిక్కును పోగొట్టుకున్న పిల్ల ఎవరైనా ఏడ్చినట్టే. లైటు ఆకుపచ్చగా మారింది. వెనక బారుగా కార్లు ఆగి ఉన్నాయి. ఒక్కరూ హార్న్ కొట్టలేదు.