ఒక్కావిడే పదిహేడు మంది

గుంటూరులో మాది ఎండుమిరపకాయల కొట్టు. పోయిన వారం దానికి వెబ్‌సైటు పెట్టించాను. తాతగారి ఫొటో, ఎర్రటి కాయల రాశులు, అడుగున ఎన్నిసార్లు తెరిచారో చూపించే అంకె, అన్నీ ఉన్నాయి. ఈ రోజు పొద్దున ఆ అంకె నలభై ఒకటి. మధ్యాహ్నానికి పదిహేడు పెరిగి యాభై ఎనిమిదైంది. ఇక నాకు కాలు ఒకచోట నిలవలేదు. బేరాలు తమ్ముడికి వదిలేసి కంప్యూటర్ చుట్టూనే తిరిగాను.

నాలుగింటికి ఒంగోలు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు.

"పొద్దుట్నుంచి మీ సైటే తెరుస్తున్నానండి. ఆ ఫొటోలు వచ్చేలోపు ఆగిపోతోంది, మళ్ళీ తెరుస్తున్నాను. కారం పట్టించడానికి తొడిమలు తీసిన కాయలు ఉన్నాయో లేవో, కిలో ఎంతో, ఎక్కడా రాయలేదేంటండి?"

"మిర్చి యార్డులో రేటు రోజూ మారుద్దమ్మా, అందుకే పెట్టలేదు. తొడిమ తీసినవి ఉన్నాయి. ఎన్ని కిలోలు పంపమంటారు?"

"ఇప్పుడెందుకులెండి, ఇక్కడే కొనేశాను. మీ తాతగారి ఫొటో మాత్రం బాగుంది."

పదిహేడు మంది వచ్చారని నేను మురిసిపోయింది ఈవిడని చూసే అన్నమాట.

రేపటికి పాతదయ్యే రేటు సైట్లో పెట్టాలా? కొట్టు సైటు తెరిస్తే మీరు ముందు ఏం వెతుకుతారో చెప్పండి. ఇప్పుడు అంకె అరవై మూడు. ఆ ఐదుసార్లూ తెరిచింది నేనే.