భోగాపురం నుంచి తిరిగొచ్చిన మనిషి

ఎవరైనా దయ్యాన్ని చూశామంటే నేను మొదట అడిగేది, ఎంత దూరం నుంచి చూశారని. తర్వాత అడిగేది, అప్పుడు వెలుతురు ఎటువైపు ఉందని. చాలా కథలు అక్కడితో ఆగిపోతాయి. నేను పెద్దగా చదువుకోలేదు. ధాన్యం రాశి చుట్టూ ఓసారి తిరిగి ఎన్ని బస్తాలవుతుందో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. లెక్కకు అందనిది ఉండదనే నమ్మకంతో ఇన్నాళ్లూ బతికాను. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. అప్పన్న మా అక్క మొగుడు. అక్క పోయింది, నా భార్యా పోయింది. మా ఇద్దరికీ పిల్లల్లేరు. రోజూ నాతో మాట్లాడే మనిషి మా బావ ఒక్కడే. మాట్లాడటమంటే వెక్కిరించడమే.

ఇప్పుడు ధాన్యమంతా కాటా వేసే అమ్ముతున్నారు. అయినా కొన్ని ఇళ్లలో కళ్ళంలో రాశిని ముందుగా కుంచంతో కొలిపించే ఆనవాయితీ ఇంకా ఉంది. బావ పైకి లెక్క చెబుతూ కొలిచేవాడు, నేను గుర్తులు పెట్టేవాణ్ని. ఆయన గూడ్స్ ఆటోలోనే ఊళ్లు తిరిగేవాళ్లం.

మొన్నటి కోతల తర్వాత భోగాపురం అవతల నుంచి ఒక రైతు కబురు పెట్టాడు. దారంతా బావ నోరు మూతపడలేదు. కొత్త విమానాశ్రయం పనులు కనబడగానే మొదలుపెట్టాడు.

"ఒరే లెక్కల బామ్మర్దీ, తలకి తువ్వాలు సుట్టుకో. పైనోళ్లు నీ బట్టతల సూసి రన్‌వే అనుకుని దిగిపోగలరు."

మిట్టమధ్యాహ్నం ఆటోని సముద్రం వైపు తిప్పాడు. "ఇంత దూరమొచ్చి దాని మొగం సూడకుండా పోతామేటి" అన్నాడు. సరుగుడు తోట పక్కన ఆపి, చెప్పులు సీటు కింద వదిలేసి, నీళ్లవైపు నడిచాడు. నేను ఆటోలో కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాను.

మబ్బు కమ్మినట్టు ఇసక మీద నీడ పడింది. కెరటాల చప్పుడు ఆగిపోయింది. సీసా నోటి దగ్గరే పెట్టుకుని పైకి చూశాను. ఆకాశంలో మబ్బన్నదే లేదు. చప్పుడు మళ్ళీ మొదలయ్యేసరికి బావ లేడు.

పరుగెత్తాను. తడి ఇసకలో ఆయన అడుగులు స్పష్టంగా ఉన్నాయి. నీళ్లకు చాలా ఇవతలే ఆగిపోయాయి. పక్కకి లేవు, వెనక్కి లేవు. ఆయన నడిచాక కెరటం అంతవరకు రాలేదని ఇసక చూస్తేనే తెలుస్తోంది. గొంతు పోయేదాకా పిలిచాను. ఎవరినైనా పిలుచుకురావాలని ఆటో దగ్గరకు వచ్చేసరికి, వెనక ఖాళీ గోనెల మీద కూర్చుని ఉన్నాడు. అరికాళ్లకు ఇసక రేణువు లేదు.

"ఎక్కడికి పోయావు బావా?"

"తీసుకెళ్లారండి. ఏవో అడిగారు. దింపేశారు."

ఆ 'అండి' వినగానే వెక్కిరిస్తున్నాడనుకుని కాస్త కుదుటపడ్డాను. "ఎవరు? రేషన్ కార్డు సర్వే వాళ్లా?" అన్నాను. నేను జోకులు వేసే మనిషిని కాను. ఆయన నవ్వలేదు. "కాదండి" అన్నాడు.

కళ్ళానికి వెళ్లాం. బావ రాశికి దండం పెట్టి, కుంచం నింపి, గోనెలో పోస్తూ "ఒకటి" అన్నాడు.

మావైపు కొలతలో ఒకటి అని ఎవరూ అనరు. మొదటి కుంచానికి 'లాభం' అంటారు, తర్వాత రెండు. తప్పటడుగుల పిల్లలు కూడా అలాగే అంటారు. బావ జన్మలో ఇంకోలా అనలేదు.

రైతు భార్య చేతిలోని చీపురు ఆగిపోయింది. "అదేటి బావూ, లాభమనకుండా ఒకటంతన్నావు? ఇల్లు నిలబడాలా వద్దా?" అంది.

బావ ఆవిడ వంక మర్యాదగా చూసి, "మొదటిది ఒకటే కదండీ" అన్నాడు.

వాళ్లు మమ్మల్ని కొలవనివ్వలేదు. భోజనం పెట్టి పంపేశారు. తిరుగు దారిలో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఆటో మాత్రం ఎప్పటిలాగే నడిపాడు.

ఊళ్లో సంగతి పాకింది. టీ కొట్టు సింహాచలం, "పైనేటి ఎట్టారు మావా, సారా సాంబారా?" అన్నాడు. పాత అప్పన్నయితే వాడి మూడు తరాలనూ ఏకేసేవాడు. ఈయన కాసేపు ఆలోచించి "గుర్తు లేదండి" అన్నాడు. అంతవరకు నవ్వినవాళ్లు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

శ్రీకాకుళంలో తల స్కానింగ్ చేయించాను. ఏ లోపమూ లేదన్నారు. పేరు, ఊరు, అక్క పోయిన రోజు, అన్నీ సరిగ్గా చెబుతాడు. నన్ను 'మీరు' అంటాడు. నేను కావాలనే తప్పు లెక్కలు చెబుతుంటాను, ఒక్కసారైనా తిడతాడేమోనని. "అలాగేనండి" అంటాడు. ఇంత మంచిగా నాతో ఎవరూ ఉండలేదు. ఇంత ఒంటరిగా నేనూ ఎప్పుడూ లేను.

మొన్న సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. రెండు టీలు చెప్పాను.

"మూడు చెప్పండి" అన్నాడు.

"మూడోది ఎవరికి?"

"మీ బావ వస్తాడు కదండీ" అని, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఏం జరిగిందో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా కనబడటం లేదు. మూడు టీలే చెప్పాను. చీకటి పడేదాకా ఇద్దరం రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాం.