పుల్లలకు సంబంధాలు చూసే బావగారు

మా బావగారు ప్రతి రోజూ పొద్దున్నే దుకాణం తలుపు తీసి, లైటు వేసి, చెప్పులు ఒక మూల విడిచి, గాజు బల్ల మీద తల వాల్చేసేవారు. నిద్ర కాదు. మనిషి నిలబడే ఉంటారు, చెంప మాత్రం బల్లకి ఆనించి ఉంటుంది. ఒక కన్ను మూసుకుని, ఒక్కో డ్రమ్ము పుల్లనీ వేలితో నెట్టి, అది దొర్లుతుంటే రెండో కంటితో చూసేవారు. సాఫీగా దొర్లితే "బంగారు తండ్రి" అనేవారు. మధ్యలో టకటకమని కొట్టుకుంటే ఎక్కడో వంకర ఉన్నట్టు. "నీకు నడుం నొప్పి నాయనా, కూర్చో" అని పక్కన పెట్టేవారు. రోజుకు నలభై, యాభై పుల్లలు. ఆ పని పూర్తయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు.

ఆయన మా అక్క భర్త. వాయిద్యాలు అమ్మే ఆ దుకాణంలో సాయంగా ఉండమని అక్క అడిగితే వచ్చి చేరాను. నేను పల్లెటూరి బడిలో చదువుకున్నదాన్ని. దేవుణ్ణి తలుచుకోనిదే ఏ పనీ మొదలుపెట్టను. మొదటి రోజు బావగారు అలా తల వాల్చి ఉండటం చూసి, "ఈయనకి ఎంత భక్తి!" అనుకుని, పక్కనే చేతులు జోడించి కళ్లు మూసుకున్నాను. అయిదు నిమిషాలు గడిచాయి.

"మరదలా," అన్నారు బల్ల మీద నుంచే.

"చెప్పండి బావగారూ."

"నీ ప్రార్థన అయిపోతే కాస్త అటు జరుగు. వెలుతురుకి అడ్డంగా ఉన్నావు."

దొర్లించడంతో సరిపోతే బాగానే ఉండేది. ఆ తర్వాత సంబంధాలు చూడటం మొదలయ్యేది. కంపెనీ వాళ్లు రెండేసి పుల్లలు కలిపి కవరులో పెట్టి పంపిస్తారు కదా! బావగారు ఆ కవర్లన్నీ చించేసేవారు. ఒక్కో పుల్లనీ మందులు తూచే చిన్న తక్కెడలో వేసి తూచేవారు. తర్వాత రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, పీట మీద చిన్నగా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. "దీనిది సన్న గొంతు. దానిది బొంగురు. వీళ్లిద్దరూ ఎలా కాపురం చేస్తారమ్మా?" అని విడదీసి, గొంతూ బరువూ కలిసిన వాటిని వెతికి జత చేసేవారు.

కంపెనీ మనిషి ఒకసారి వచ్చి చూసి లబోదిబోమన్నాడు. "సార్, మేం ఫ్యాక్టరీలో కలిపి పంపిస్తే మీరిక్కడ విడాకులు ఇప్పిస్తున్నారేంటి సార్!"

"మీరు మొహాలు చూసుకోకుండా చేసిన పెళ్లిళ్లు బాబూ అవి. నేను చూసి చేస్తున్నాను."

అక్క అప్పుడే భోజనం క్యారేజీ తెచ్చి ఆ మాట విన్నది. "ఈ చూడటమేదో పెళ్లిచూపులకి వచ్చినప్పుడు కూడా చూసి ఉంటే బాగుండేది. ఆ రోజు మా ఇంట్లో కూర్చుని ఈయన చూసిందల్లా మా కుర్చీ కోళ్లు. వంకరగా ఉన్నాయట!"

కొనడానికి వచ్చేవాళ్ల తిప్పలు చెప్పనక్కర్లేదు. తాళాలు బాగుచేసే ఒకాయన వచ్చాడు. తలుపంత మనిషి. "మెటల్ మ్యూజిక్ వాయించాలండీ. దుడ్డుకర్రలాంటివి ఇవ్వండి," అన్నాడు. బావగారు అతని చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వేళ్లు నొక్కి, "వాయిస్తావా, పోట్లాడతావా?" అని అడిగారు.

"వాయించడానికేనండీ."

"అయితే ఈ మధ్యరకం తీసుకో. చివర్లో పట్టుకుని కొట్టు. నీ చేతిలో బరువు చాలానే ఉంది, పుల్లలో కూడా ఎందుకు?"

అతను గొణుక్కుంటూ తీసుకుపోయాడు. వారం తర్వాత వచ్చి, ఎవరూ అడక్కుండానే మా దుకాణం తలుపుకి అరిగిపోయిన తాళం మార్చి వెళ్లాడు. మనుషులు కృతజ్ఞత ఇలా కూడా చెబుతారని నేను ఆ రోజే తెలుసుకున్నాను.

ఆ మరుసటి సోమవారం ఒక నర్సమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆసుపత్రి డ్యూటీకి వెళుతూ తెల్ల చీరలోనే వచ్చింది.

"బాబాయ్ గారూ, మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే లావువి ఇవ్వండి. ఓక్ చెక్కవి."

"ఎందుకు?"

"డ్రమ్స్ వాయించడానికి."

"పళ్లు తోముకోవడానికి కాదని నాకూ తెలుసు. ఏం వాయిస్తావు?"

"హెవీ మ్యూజిక్. గోడలు అదురుతాయి."

"గోడల సంగతి గోడలు చూసుకుంటాయి. చెయ్యి చూపించు."

ఆమె ఎడమ చెయ్యి చాపింది.

"రెండోది?"

"అదీ ఇలాగే ఉంటుందండీ."

"చూపించమ్మా."

కుడి మణికట్టుకి పట్టీ కట్టి ఉంది. వార్డులో ఒక పెద్దాయన మంచం మీద నుంచి జారిపోతుంటే పట్టుకుందట. "ఆయన క్షేమంగా ఇంటికి వెళ్లారు. మూడు వారాలైంది, ఇది మాత్రం ఇంకా నొప్పి పుడుతోంది," అంది నవ్వుతూ.

ఆ నవ్వు వెనక ఉన్న సంగతి నెమ్మదిగా బయటికి వచ్చింది. వాళ్ల బృందానికి పెద్ద ఒక లారీ మెకానిక్. గిటార్ వాయిస్తాడు. "నీ దెబ్బ వినపడటం లేదు. శనివారం సాయంత్రం ప్రదర్శనలో కూడా ఇంతే అయితే వేరే మనిషిని పెట్టుకుంటాను," అన్నాడట.

"ఏడేళ్లుగా వాయిస్తున్నాను బాబాయ్ గారూ. పగలంతా వార్డులో మూలుగులు వింటాను. సాయంత్రం ఆ రెండు గంటలే నావి. అవి పోతే ఎలా?"

బావగారు ఆమె మణికట్టు వైపు చూశారు. "ఇవ్వను," అన్నారు.

"ఎందుకివ్వరు?"

"ఓక్ బరువు. దెబ్బని తను మింగదు, మొత్తం తెచ్చి నీ మణికట్టుకే అప్పగిస్తుంది. వారం తిరిగేసరికి నువ్వు సూది కూడా పట్టుకోలేవు. అప్పుడు డ్రమ్సూ ఉండవు, ఉద్యోగమూ ఉండదు."

"చెయ్యి నాదండీ."

"పుల్లలు నావి."

"రేపు మళ్లీ వస్తాను."

"రా. ఇవ్వను."

"ఎల్లుండి కూడా వస్తాను."

"రమ్మనే కదా అంటున్నాను!"

ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండివాళ్లో నాకు తెలియలేదు. ఇద్దరి కోసమూ దేవుణ్ణి ప్రార్థించాను.

మర్నాడు నేను వెళ్లేసరికి దుకాణం అప్పటికే తెరిచి ఉంది. గంట ముందే తీశారట. "నిద్ర పట్టలేదు," అన్నారు బావగారు. అక్కని అడిగితే నవ్వింది. "నిద్ర పట్టకపోవడమేమిటే! రెండు అలారాలు పెట్టుకున్నారు. ఆ పిల్ల డ్యూటీకి వెళ్లే ముందు వస్తుందట, తొందరపెట్టకూడదట."

ఆ రోజు ఆమె రాగానే మేపుల్ చెక్కవి చూశారు. తేలిగ్గా హాయిగా ఉన్నాయి కానీ దెబ్బ ఈగ వాలినట్టుంది. హికరీ చెక్కవి చూశారు. "ఇది దెబ్బని సగం తానే మింగుతుంది, చేతికి సుఖం," అన్నారు. చివర గుండు పెద్దవి, ముందుకి బరువు తూగేవి, పొడుగువి, పొట్టివి అన్నీ అయ్యాయి. లావువి పెడితే కుడిచెయ్యి ముడుచుకుపోతోంది. సన్నవి పెడితే చప్పుడు చాలడం లేదు. "ఇవాళ సంబంధం కుదరలేదు," అని పుల్లలు సర్దేశారు.

బుధవారం ఆమె వాడిపోయిన మొహంతో వచ్చింది. బ్యాగులో నుంచి లావుపాటి ఓక్ పుల్లలు తీసి బల్ల మీద పెట్టింది. ముందు రోజు సాయంత్రం వేరే దుకాణంలో కొని గంటసేపు వాయించిందట. మణికట్టు బూరెలా పొంగి ఉంది. బావగారు కోప్పడతారేమోనని నేను హడలిపోయాను. ఆయన పక్క కొట్టుకి వెళ్లి ఐసుముక్కలు తెచ్చి, తన చేతిరుమాల్లో చుట్టి ఆమె చేతిమీద పెట్టారు. తర్వాత ఆ ఓక్ పుల్లని బల్ల మీద దొర్లించారు. టకటకటక.

"దీనికీ ఒంట్లో బాగోలేదమ్మా," అన్నారు.

ఆమె ఏడవబోయి నవ్వేసింది. "మానెయ్యమంటారా బాబాయ్ గారూ?"

"నేనెందుకంటాను? ఇవాళంతా చేతికి విశ్రాంతి ఇస్తావా?"

"ఇస్తానండీ. గురువారం మళ్లీ చూద్దాం. శుక్రవారం కూడా ఉంది."

"అదీ మాట!"

గురువారం ఆమెకి సెలవు. వెనక గదిలో ఉన్న డ్రమ్స్ దగ్గర కూర్చోబెట్టారు. నన్ను వీధి అవతలికి పంపారు. "మరదలా, నువ్వు దర్జీ కొట్టు ముందు నిలబడు. వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తు. హాల్లో వెనక వరసలో కూర్చునే మనిషివి నువ్వే అనుకో."

నిలబడ్డాను. వినపడగానే చెయ్యి ఎత్తాను. ఎదురుగా వస్తున్న బస్సు ఆగింది.

"ఎక్కండమ్మా," అన్నాడు కండక్టరు.

"నేను ఎక్కను బాబూ. వింటున్నాను."

బస్సు వెళ్లింది. మళ్లీ వినపడింది. మళ్లీ చెయ్యి ఎత్తాను. ఇంకో బస్సు ఆగింది. మూడోసారి మొదటి బస్సే తిరిగి వచ్చి ఆగింది. "అమ్మా, ఈసారైనా ఎక్కుతారా, ఇంకా వింటున్నారా?" అన్నాడు కండక్టరు. బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు. దర్జీ మిషను ఆపి, "తల్లీ, మీరు కాస్త లోపల నిలబడి చెయ్యెత్తండి. నా కొట్టు ముందు స్టాపు పెట్టేసేలా ఉన్నారు," అన్నాడు పాపం, స్టూలు కూడా వేసి.

లోపలికి పరుగెత్తి బావగారికి చెప్పాను. "నాకు సంగీతం తెలియదు. కానీ ఆ ఇత్తడి పళ్లాలు బాగానే వినపడుతున్నాయి. కుడిచేత్తో మెల్లగా కొట్టినా గొల్లుమంటున్నాయి. ముందున్న ఆ చిన్న డ్రమ్మే వినపడటం లేదు."

బావగారు ఆమె చేతులవైపు చూశారు. చిన్న డ్రమ్ము మీద పడేది ఎడమచెయ్యి.

"ఎడమచెయ్యికి నొప్పి లేదు కదమ్మా? మరి దాన్నెందుకు మెల్లగా వేస్తున్నావు?"

ఆమె తన చేతుల్ని తానే కొత్తగా చూసుకుంది. "కుడిచెయ్యి తగ్గించాల్సి వచ్చింది కదా. రెండూ సమానంగా ఉండాలని దీన్ని కూడా తగ్గిస్తున్నానండీ."

బావగారు పీట మీద చతికిలబడ్డారు. సాయంత్రం భోజనం సరిగ్గా తినలేదని అక్క చెప్పింది. వంట బాగోలేదా అని అడిగితే, "పాతికేళ్లుగా చేసిన పనికి రేపు ఎదురు తిరగాలి," అన్నారట.

శుక్రవారం పొద్దున ఆయన బల్ల మీద తల వాల్చలేదు. నాకు భయం వేసింది. షెల్ఫులోంచి తాను ఎన్నో రోజులు చూసి జతకట్టిన రెండు జంటల్ని తీశారు. రెండూ హికరీవే, రెండూ ఒకే పొడుగు. ఒక జంట లావు, గుండు పెద్దది. రెండో జంట సన్నం. లావు జంటలోంచి ఒకటి లాగారు. సన్నం జంటలోంచి ఒకటి లాగారు. మిగిలిన రెండింటినీ ఒకసారి నిమిరి పక్కన పెట్టారు.

"రెండు కాపురాలు కూల్చాను మరదలా."

"బావగారూ! అవి రెండూ జత కాదు కదా?"

"కాదు. నేను ఇన్నేళ్లూ తూకాలు చూసింది దేనికనుకున్నావు? ఒక పుల్ల బరువైతే ఒక చెయ్యి ఎక్కువ కష్టపడుతుంది. అది చూడలేక. ఈ పిల్లకి చేతులే సమానంగా లేవు. పుల్లలు మాత్రం సమానంగా ఉంటే న్యాయమా?"

నేను అప్పటిదాకా ఆయన చూసేది చెక్కని అనుకునేదాన్ని. దేవుడు కొందరికి ప్రేమని ఇలా విచిత్రమైన కవర్లలో పెట్టి పంపిస్తాడు కాబోలు.

నర్సమ్మ వచ్చింది. లావుది ఎడమచేతికి, సన్నది కుడిచేతికి ఇచ్చారు. "కుడిది వదులుగా పట్టుకో, పళ్లాల మీద ఊరికే వాలనివ్వు. ఎడమదాన్ని మాత్రం వదలకు. నీ పంతమంతా అందులో పెట్టు." మూడు దెబ్బలు కొట్టిందో లేదో, అవతల నుంచి దర్జీ పరుగెత్తుకొచ్చాడు. "ఇప్పుడు నాక్కూడా వినపడింది. బస్సు మాత్రం ఆపకండి!"

శనివారం సాయంత్రం నేను చెవుల్లో దూది పెట్టుకుని, లోపల ప్రార్థన చేసుకుంటూ హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. మొదలైంది. నా కుర్చీ కదిలింది. పక్కావిడ బ్యాగు కింద పడింది. గిటార్లు ఎంత గోల చేసినా, వాటి మధ్యలో నుంచి ఆ ఎడమచేతి దెబ్బ వేళ తప్పకుండా వచ్చి నా గుండెమీద తట్టింది. మెకానిక్ ఒకసారి తల తిప్పి వెనక్కి చూశాడు. తర్వాత ఇక తిప్పలేదు. ఒక గంటకి దూది తీసేశాను. దేవుడు క్షమించాలి, నా కాలు కూడా ఆడింది.

అయిపోయాక మెకానిక్ ఆమె దగ్గరికి వచ్చి, "వచ్చే నెల రెండు ప్రోగ్రాములున్నాయి. చెయ్యి డాక్టరుకి చూపించుకుని, బాగు చేసుకుని రా," అని, చుట్టూ ఉన్న వాళ్లతో, "ఆ పుల్లల డాక్టరు ఎవరో గానీ ఏం జత కుదిర్చాడండీ! కవలపిల్లల్లా మోగాయి," అన్నాడు.

అప్పటిదాకా గోడవార దాక్కున్న బావగారి మొహం పాలిపోయింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, నర్సమ్మని ఒక పక్కకి తీసుకొచ్చారు.

"తల్లీ, నాకొక సాయం చెయ్యాలి."

"ఏం కావాలన్నా అడగండి బాబాయ్ గారూ!"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఆ రెండూ జంట కాదని మాత్రం ఎవరితోనూ అనకు. రేపట్నుంచి దుకాణం వీధిలో నేను తలెత్తుకుని తిరగాలి."