రుచి చూడని చెయ్యి

మొన్న డిసెంబరులో మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. పెద్ద ఓడలో భోజనాల హాలు. దీపాలు తగ్గించారు, బ్యాండు మోగుతోంది. వెయిటర్లు తెల్లటి కేకులు భుజాల ఎత్తున పట్టుకుని బల్లల మధ్య వరసగా తిరుగుతున్నారు. కూర్చున్నవాళ్ళు చేతిరుమాళ్ళు గిరగిరా తిప్పుతున్నారు.

"అమ్మా, నువ్వు వర్క్ చేసిన షిప్‌లో కూడా ఇలాగే చేసేవాళ్ళా? సో ఫన్ కదా," అంది.

ఫన్నే, హాల్లో కూర్చున్నవాళ్ళకి. తలుపుకి ఇవతల వంటింట్లో నిలబడ్డవాళ్ళని ఎవరూ వీడియో తీయరు. ఫోన్ తిరిగి ఇచ్చేసి, గిన్నెలున్నాయనే నెపంతో సింకు దగ్గరికి వెళ్ళిపోయాను.

ఇక్కడ న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో నేను గుడ్డు లేని కేకులు చేసే ఆంటీని. మా అపార్ట్‌మెంట్లలో ఏ పిల్ల పుట్టినరోజైనా, తాతలూ అమ్మమ్మలూ ఇండియా నుంచి వచ్చి ఉన్నారంటే, ముందు నాకే ఫోన్. పెళ్ళికి ముందు మూడేళ్ళు న్యూయార్క్ నుంచి బయల్దేరే ఓడలో కేకుల విభాగంలో పనిచేశానని వాళ్ళకి తెలుసు. ఈ చేతుల మీదుగా ఎన్ని వేల గుడ్లు వెళ్ళాయో వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు.

నాకు వంట నేర్పింది మా నాయనమ్మ. ఆవిడది మడి వంట. దేవుడికి నైవేద్యం పెట్టేదాకా గరిటె నోటి దాకా రాకూడదు. పరమాన్నమైనా పులిహోరైనా వాసన పట్టి, ఉడుకు చూసి, వేళ్ళ మధ్య నలిపి చెప్పేది ఏం తక్కువైందో. "దేవుడి కంటే ముందు నాలిక చాపేది వంటమనిషి కాదు, తిండిపోతు," అనేది. ఆవిడ వంటలో ఉప్పు తప్పడం నేనెరుగను. ఎప్పుడైనా తప్పితే దేవుడే సర్దుకున్నాడేమో, మాతో అనలేదు. నా చెయ్యి కూడా అలాగే అలవాటుపడింది.

ఓడలో ఉద్యోగం వచ్చిందంటే మా నాన్న వారం రోజులు మాట్లాడలేదు. గుడ్లు, రమ్ము, పరాయి నీళ్ళు. ఒప్పించింది నాయనమ్మే. కానీ ఒక షరతు పెట్టింది.

"చేతికంటితే కడుక్కుంటావు. నోటికంటితే ఏం పెట్టి కడుగుతావే? నీచు వండితే వండు. నోట్లో మాత్రం పెట్టనని చెప్పు."

ఆవిడ చేతిలో చెయ్యేసి చెప్పాను. ఇరవై మూడేళ్ళ పొగరుతో, ఇదేం పెద్ద పనని చెప్పాను.

ఓడలో రూలు దానికి సరిగ్గా తలకిందులు. రుచి చూడకుండా ఏదీ గడప దాటకూడదు. ప్రతి బల్ల మీదా శుభ్రమైన చెంచాల డబ్బా ఉండేది. ఒక రుచికి ఒక చెంచా, వాడగానే కడగడానికి పడెయ్యాలి. నా పక్కన పనిచేసే గోవా ఆవిడ నా సంగతి మొదటి వారంలోనే కనిపెట్టింది. నాకంటే పదేళ్ళు పెద్దది, నవ్వి ఊరుకుంది. ఆ రోజు నుంచీ చెయ్యి నాది, నాలిక ఆవిడది. ఆవిడ కళ్ళతో సైగ చేసేది, నేను చిటికెడు అదీ ఇదీ వేసేదాన్ని. మా పెద్ద చెఫ్, యూరప్ నుంచి వచ్చిన ఎర్రటి ముసలాయన, అందరి ముందూ నా నాలిక బంగారమని పొగిడేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు దొంగకు తేలు కుట్టినట్టుండేది.

మూడో ఏడు క్రిస్మస్ ప్రయాణానికి ఆయన పండగ మిఠాయి మీద పోసే సాస్ బాధ్యత మొత్తం నాకు అప్పజెప్పాడు. ఆ రాత్రి సరిగ్గా జరిగితే వచ్చే కాంట్రాక్టులో విభాగంలో రెండో స్థానం నాదేనన్నాడు. రుచి చూశానని మూడేళ్ళుగా అబద్ధం చెప్తున్నానని తెలిస్తే మాత్రం, ఓడ తిరిగి న్యూయార్క్ చేరిన రోజే నా పెట్టె దిగుతుంది. ఆయన అలా ఇద్దర్ని దింపడం నేను చూశాను.

ఆ పండగ మిఠాయి ఏమిటో చెప్పాలి. కేకు మీద గట్టి ఐస్‌క్రీము, దాని చుట్టూ తెల్లసొనా పంచదారా గిలక్కొట్టిన నురగ. పైన మంట చూపించి ఎర్రగా కాలుస్తారు, లోపల ఐస్‌క్రీము కరగకూడదు. పూర్వం సగం గుడ్డు పెంకులో రమ్ము పోసి, వెలిగించి, నడినెత్తిన పెట్టి ఊరేగించేవారట. ఓడలో నిప్పంటే భయం పెరిగాక బ్యాటరీ దీపాలొచ్చాయి. బల్ల దగ్గర ముక్క కోసి, పాలల్లో పచ్చసొనా పంచదారా వేసి కాచిన గోరువెచ్చని సాస్ దాని మీద పోస్తారు.

అసలు తలనొప్పి రెండు రోజుల ముందే మొదలైంది. సముద్రం బాగా లేదు. ఓడ ఊగిన ఊపుకి గోవా ఆవిడకి కడుపు చెడింది. కడుపు చెడినవాళ్ళు వంటింటి ఛాయలకి రాకూడదు. గదిలో పెట్టి తలుపేశారు. నా నాలిక గదిలో, నా చెయ్యి పొయ్యి దగ్గర.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం కొందరు ప్రయాణికులకి వంటిల్లు చూపించారు. అందులో న్యూజెర్సీ నుంచి వచ్చిన ఒక ముసలావిడ నా బల్ల దగ్గర ఆగిపోయింది. చిన్నప్పుడు అమ్మానాన్నలతో పెద్ద ఓడల్లో పండక్కి వెళ్ళేదట. తలకి కాగితం కిరీటం, చీకట్లో నీలం మంటలు నడిచొస్తుంటే వాళ్ళమ్మ చెయ్యి గట్టిగా పట్టుకునేదట. ఇప్పుడు ఏటా ఒక్కతే వస్తోంది.

"నేను కేకు కోసం రాను," అంది ఇంగ్లీషులో, గొంతు తగ్గించి. "ఆ సాస్ కోసం వస్తాను. చిన్నప్పటిలాగే ఉండేది ఇక అదొక్కటే."

నవ్వి తలూపాను. లోపల మాత్రం ఈవిడ ఇప్పుడే వచ్చి చెప్పాలా అని ఒళ్ళు మండింది.

మూడింటికి సాస్ కాచాను. వాసన పట్టాను, గరిటె వెనక ఎంత మందంగా అంటుకుందో చూశాను, బాగానే ఉందనిపించింది. చెఫ్ వచ్చి రుచి చూశావా అన్నాడు. చూశాను చెఫ్ అన్నాను. సరేనని వెళ్ళిపోయాడు. అంత నమ్మకం పెట్టుకున్నవాడి మీద కోపం వస్తుందని ఆ రోజే తెలిసింది.

ఏడుకి పావుగంట ముందు, కాల్చే ముందు నురగ మీద చల్లడానికి పంచదార కోసం వెళ్ళాను. పంచదారకీ ఉప్పుకీ చక్రాలున్న తెల్ల డబ్బాలు, రెండూ ఒక్కలాంటివే. పేర్లు మూతల మీదే ఉంటాయి. పంచదార మూత తీసి గుప్పిట్లోకి తీసుకుంటే రవ్వ ఎందుకో తేడాగా తగిలింది. వేలు నాలికకి రాసుకున్నాను.

ఉప్పు.

మధ్యాహ్నం ఎప్పుడో శుభ్రం చేసేవాళ్ళు మూతలు కడిగి పెట్టారు. తిరిగి పెట్టేటప్పుడు మార్చేశారు. నురగ పొద్దున్నే గిలక్కొట్టారు, దానికి భయం లేదు. నేను సాస్ కాచకముందు మార్చారా, తరవాత మార్చారా? కడిగినవాళ్ళ షిఫ్టు అయిపోయింది. అడగడానికి ఎవరూ లేరు. నాలుగు పెద్ద పాత్రల సాస్ వెచ్చగా, బంగారు రంగులో నా ముందుంది. అది తీపో ఉప్పో నాకు తెలియదు.

నాయనమ్మ పద్ధతులన్నీ వాడాను. వాసన పట్టాను. వెనిలా కొట్టింది, అంతే. రెండు వేళ్ళ మధ్య నలిపాను. జిగురుగా ఉంది, కానీ పచ్చసొన జిగురో పంచదార జిగురో తెలియలేదు. పాత్ర అంచున ఎండిన చార చూశాను. నా చెయ్యి మొదటిసారి నాకేమీ చెప్పలేదు.

చెఫ్ నాకు ఆరడుగుల దూరంలో నిలబడి గడియారం చూస్తున్నాడు. ఇంకెవరినైనా పిలిచి కాస్త రుచి చూడమంటే, నువ్వు చూశానన్నావు కదా అంటాడు. పారబోస్తే ఏడొందల మందికి సాస్ లేదు. వదిలేస్తే, ఉప్పయితే, మొదటి చెంచా ఆ ముసలావిడదే. వెయిటర్లు కేకులు ఎత్తుకుని తలుపు దగ్గర వరసకట్టారు. అవతల బ్యాండు మొదలైంది.

చెఫ్ పది నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన ఏడు అంటున్నప్పుడు డబ్బాలోంచి చెంచా తీశాను. నాయనమ్మ మొహం గుర్తుకు రాలేదు. ఆ క్షణంలో ఆవిడ గుర్తొచ్చిందని రాస్తే బాగుంటుంది కానీ రాలేదు. చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నాను.

తియ్యగా ఉంది. మూతలు తరవాతే మారాయి.

చెంచా కడిగే తొట్టిలో పడేశాను. దీపాలు తగ్గాయి, తలుపులు తెరుచుకున్నాయి, వెయిటర్లు కదిలారు. గండం గడిచింది. అప్పుడు నేను ఇంకో చెంచా తీశాను. నిండా ముంచి, నెమ్మదిగా, కళ్ళు మూసుకుని తిన్నాను. దాని అవసరం ఎవరికీ లేదు. చెఫ్ చూసి, ఇంకా పరీక్షిస్తున్నావా, అందుకే నువ్వంటే నాకు నమ్మకమని నవ్వాడు.

తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి చూశాను. చీకట్లో చిన్నచిన్న దీపాలు తిరుగుతున్నాయి. ఆ ముసలావిడ లేచి నిలబడి రుమాలు ఊపుతోంది. నాకు సంతోషం వెయ్యలేదు, భయమూ వెయ్యలేదు. ఆకలి వేసింది.

రెండు రోజుల తరవాత ఓడ ఫ్లోరిడా రేవులో ఆగింది. సిగ్నల్ రాగానే ఇంటికి ఫోన్ చేశాను. నాన్నతో మాట్లాడాక నాయనమ్మకి ఇమ్మన్నాను. డబ్బాలు, మూతలు, ఏడొందల మంది, అన్నీ చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"ఏడవకు. అది ఆపద్ధర్మం. అంతమంది నోట ఉప్పు పడకుండా చూశావు, దానికి దోషం లేదు," అంది. మళ్ళీ ఆవిడే, "అయినా నాకు మనసొప్పదు. ఈ శనివారం నీ పేరు చెప్పి పస్తుంటాలే. ఎంత తిన్నావు?"

"ఒక్క చెంచా."

"ఒక్క చెంచాకి ఒక్క పూట చాలు," అంది.

ఎనభై రెండేళ్ళ మనిషి. షుగరు మాత్రలు వేసుకుంటుంది. రెండు చెంచాలంటే రెండు పూటలు మాడుతుంది, అందుకే చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. శనివారం ఆవిడ ఒక పూట పస్తు ఉంది. తరవాత నాలుగేళ్ళకి పోయింది.

ఆవిడ మీద జాలితో దాచానన్నది అబద్ధం. నిజం చెప్పుంటే, రెండో చెంచా ఎందుకు తిన్నావే అని అడిగేది. బాగుంది కాబట్టి తిన్నాను నాయనమ్మా అని చెప్పాల్సొచ్చేది.