మర్యాదగా మాయమైన నర్సరీ

ఇది ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. కంప్యూటర్‌లో హెల్ప్ చదివిన ప్రతిసారీ నేను పెదవులు కదలకుండా "థాంక్సండి" అంటాను. నవ్వితే నవ్వండి. మనిషిని సందేహం అడగాలంటే నాకు మహా మొహమాటం. హెల్ప్ అలా కాదు. 'హెల్ప్' అని కొట్టి ప్రోగ్రాం పేరిస్తే చాలు, దాన్ని రాసినవాళ్ళు లోపలే పెట్టి వెళ్ళిన సూచనలు తెర మీదికి వస్తాయి. "ఇది కూడా తెలీదా?" అనదు. పక్క సీటువాళ్ళని పిలిచి నవ్వదు. నాకొచ్చిన పనిలో సగం దాని దగ్గరే నేర్చుకున్నాను. అంతటి ఉపకారికి బదులుగా నేనూ ఒక హెల్ప్ రాశాను. దాంతో కడియంలో నవనవలాడుతున్న ఒక నర్సరీ పట్టపగలు మాయమైపోయింది.

అప్పటికి రాజమండ్రిలో, ఆ నర్సరీ వెబ్‌సైట్ పనులు చూసే మా చిన్న ఆఫీసులో చేరి కొన్నాళ్ళే. ఉద్యోగం ఖాయం కావాలంటే మా సీనియర్ సూర్యకుమారి గారు సరేననాలి. ఆవిడ ఒకరోజు, "పాపా, నువ్వు రాసిన నర్సరీ ప్రోగ్రాములకి హెల్ప్ కూడా రాసెయ్. నువ్వు సెలవు పెట్టినా పని ఆగకూడదు" అన్నారు.

అందులో ఒక ప్రోగ్రాం, సీజన్ అయిపోయిన మొక్కలను నర్సరీ వెబ్‌సైట్ నుంచి తీసేస్తుంది. సీజన్ పేరు ఇవ్వకపోతే మొత్తం ఊడ్చేస్తుంది. ఈ ముక్క ఉన్నదున్నట్టు రాస్తే సరిపోయేది. కానీ చదివేది పెద్దావిడ! "ఇవ్వాలి", "చేయకూడదు" అని ఆవిడ మీద నేను హుకుం జారీ చేయడమా? మా ఇంట్లో చుట్టాన్ని కుర్చీలో కూర్చోబెట్టడానికే అరగంట బతిమాలతాం. అందుకని బాగా ఆలోచించి, శుభలేఖ రాసినట్టు రాశాను:

"ముందుగా కాపీ తీసిపెట్టుకోగలరని మనవి. తీరిక లేకపోతే పర్వాలేదండి. సీజన్ పేరు ఇస్తే సంతోషం. ఇవ్వకపోయినా ఏమీ అనుకోము."

రాసి, నా వినయానికి నేనే మురిసిపోయాను.

ఓ ఉదయం సూర్యకుమారి గారు కుర్చీ నా వైపు తిప్పారు. "నీ ప్రోగ్రాం నడిపాను పాపా. చిటికెలో అయిపోయింది. భలే రాశావే!"

"సీజన్ పేరు ఇచ్చారాండి?"

"ఇవ్వకపోయినా ఏమీ అనుకోమన్నావుగా. నేనూ ఏమీ అనుకోలేదు."

"కాపీ తీశారాండి?"

"తీరిక లేదమ్మా. పర్వాలేదన్నావని..."

గబుక్కున సైట్ తెరిచి చూశాను. ఒక్క ఆకు కూడా లేదు. ఇంతలో ఫోన్ మోగింది. నర్సరీ యజమాని వీర్రాజు గారు.

"అమ్మా, సైట్లో మా తోటలో మొక్కల్లేవని చూపిత్తందండి. నేను తోటలోనే నిలబడున్నాను. మొక్కలు ఇక్కడే ఉన్నాయండి!"

"ఉంటాయండి..."

"ఒడిశా నించి బేరగాళ్ళు లారీ ఏసుకొచ్చేరు. గులాబీల మధ్యలో నిలబడి, ఫోన్ చూసుకుని, గులాబీలు లేవంట, పోదాం పదమంటన్నారండి!"

ఆ బేరం పోతే నర్సరీవాళ్ళు మమ్మల్ని వదిలేస్తారు. మావాళ్ళు నన్ను వదిలేస్తారు. అప్పుడు నా నోట్లోంచి నాకే తెలియని గొంతు ఒకటి బయటికొచ్చింది. "వీర్రాజు గారూ, లారీని ఆపండి. ఫోన్ పెట్టకండి. తోటంతా నడుస్తూ ఒక్కో మొక్క పేరూ చెప్పండి!"

"ఆయ్, రాసుకోండి. ఎర్ర గులాబీ. పక్కన పసుపుది. దాని పక్కన మా బావమరిది... ఒరేయ్, తప్పుకోరా!"

ఎండలో ఆయన నడిచారు, ఏసీలో నేను చెమటలు కక్కుతూ టైపు చేశాను. బావమరిదిని కూడా ఒక వరుసలో ఎక్కించి తీసేశాను. సూర్యకుమారి గారు పక్కన కూర్చుని ధరలు చేరుస్తూ, "మీ మొక్కల్ని తీసేసింది నేనేనండి వీర్రాజు గారూ, పిల్లని ఏమీ అనకండి" అన్నారు. ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. పొద్దువాలేసరికి సైట్లో తోట మళ్ళీ పూసింది, లారీ నిండింది. వీర్రాజు గారు కోప్పడకపోగా మా ఇద్దరికీ చెరొక మందారం మొక్క పంపారు.

ఆ సాయంత్రమే మౌస్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇకమీదట నా మర్యాదంతా మనుషులకే. హెల్ప్‌లో ఎక్కడైనా "అండి" కనిపిస్తే నా కీబోర్డుకు చీమలు పట్టుగాక! తర్వాత గుండె రాయి చేసుకుని కొత్త హెల్ప్ రాశాను: "కాపీ తీయకుండా దీన్ని ముట్టుకోకూడదు. సీజన్ పేరు ఇచ్చి తీరాలి. లేకపోతే నడవదు." అన్నట్టే నడవకుండా ప్రోగ్రాంనీ మార్చాను.

సూర్యకుమారి గారు కళ్ళజోడు సర్దుకుని ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. నేను మందారం మొక్క వెనక దాక్కున్నాను.

"పాపా, నీ ఉద్యోగం ఖాయం. అచ్చం మా అత్తగారిలా రాశావు."